అట్టు ఎందుకు అంటుకుంటుంది?

టాటానగర్‌లో మొదటి ఉక్కు దిమ్మ తయారైంది 1912లో. అప్పటికి ఈ ఊరి పేరు సాక్చి. ఆ తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. అందుకేనేమో, కద్మాలోని మా ఇంట్లో ఇనప పెనం అంటే ఇప్పటికీ గౌరవం. ఈ నెల ఆ పెనం పక్కన, కాస్త ఖరీదు పెట్టి కొన్న చిన్న నాన్‌స్టిక్ పెనం చేరింది. వెడల్పు 20 సెంటీమీటర్లు. రెండింటినీ వారం రోజులపాటు పక్కపక్కనే పెట్టి చూశాను.

మొదట గుడ్డు. చుక్క నూనె వెయ్యకుండా కొట్టి పోస్తే కొత్త పెనంలో అటూ ఇటూ జారింది. ఇనప పెనం మీద అడుగు పట్టుకుని అట్లకాడకు లొంగలేదు.

లోహం మన కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ, సూక్ష్మదర్శినిలో చూస్తే అంతా గుంతలూ మిట్టలే. వేడి తగలగానే గుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్ల చుట్టలు విప్పుకుంటాయి. వాటి కొసలు లోహాన్ని పట్టుకుంటాయి. పెనానికి నూనె పట్టించి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, వాడగా వాడగా అట్లు ఊడిరావడం మనందరికీ తెలుసు. అక్కడ జరిగేదీ రసాయన చర్యే. పలచటి నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువుకు అణువు ముడిపడి గట్టి నల్లటి పొరగా మారుతుంది. శాస్త్రం దాన్ని పాలిమర్ అంటుంది. మా అమ్మమ్మ పెనం మీద ఉన్నదీ పాలిమర్ పూతే. ఏళ్ల తరబడి ఇంట్లో తయారైన పూత అది.

కొత్త పెనం మీది పూత మాత్రం అనుకోకుండా దొరికింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు వాడే వాయువు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. నింపిన సిలిండర్ మూత తిప్పితే వాయువు రాలేదు, కానీ సిలిండర్ బరువు తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి మైనంలాంటి పొడి. అదే టెఫ్లాన్. కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు గట్టిగా కప్పుకుని ఉంటాయి. ఆ బంధం ఎంత బలమైనదంటే, బయటి పదార్థంతో కలవడానికి ఫ్లోరిన్‌కు ఇక ఆసక్తి ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు తయారీలో, లోహాలను తినేసే యురేనియం వాయువును ఆపే సీళ్లకు దీన్నే వాడారు. పొరుగున జాదుగూడలో యురేనియం గనులున్న మనకు ఈ సంగతి తెలియాలి.

మరి దేనికీ అంటని పూత పెనానికెలా అంటుకుంది? 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ ఈ చిక్కు విప్పాడు. అల్యూమినియం మీద యాసిడ్‌తో సన్నటి గుంతలు చేసి, పూత వాటిలోకి దిగి బిగుసుకునేలా చేశాడు. గోడ గీకి సున్నం పట్టించినట్టే. స్టీలు అట్లకాడతో గీస్తే ఆ పట్టు పోతుంది.

అసలు పాఠం దోసె నేర్పింది. అలవాటుగా నూనె రాసి పిండి వేస్తే, గరిటె తిప్పిన చోటికల్లా పిండి ముద్దగా వెంట వచ్చింది. దోసె పలచగా పరుచుకోవాలంటే పిండి పెనాన్ని కొంచెం పట్టుకోవాలి! నూనె మానేసి, నీళ్లు చిలకరించి తుడిచి, మంట తగ్గించి వేస్తే దోసె వచ్చింది. అయినా ఇనప పెనం మీది ఎర్రటి కరకర రాలేదు. దిబ్బరొట్టె మాత్రం అద్భుతంగా కుదిరింది.

ఇక జాగ్రత్త. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ పూత చెడిపోవడం మొదలవుతుంది. ఇంకా కాగితే వచ్చే పొగలు మనుషులకు జ్వరం తెప్పిస్తాయి, పంజరంలోని పక్షుల ప్రాణం తీస్తాయి. చిన్న పెనం బరువు తక్కువ. పెద్ద బర్నర్ మీద ఖాళీగా పెడితే కొద్ది నిమిషాల్లోనే ఆ వేడికి చేరుతుంది. పెట్టె మీద ‘పి.ఎఫ్.ఓ.ఏ. లేదు’ అని ఉంటే టెఫ్లాన్ లేదని అర్థం కాదు. పి.ఎఫ్.ఓ.ఏ. అనేది ఒకప్పుడు టెఫ్లాన్ తయారీలో వాడిన వేరే రసాయనం. 2019లో అది హానికర రసాయనాలపై కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో చేరింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకంగా గుర్తించింది. పూత పెచ్చు పొరపాటున కడుపులోకి పోతే మాత్రం అరగకుండా బయటికి పోతుంది.

ఎక్కువ డబ్బు పెడితే దొరికేది వేరే మాయ పూత కాదు, మందమైన అడుగు, గట్టి పొరలు. అల్యూమినియం ఇనుముకంటే సుమారు మూడు రెట్లు బాగా వేడిని పంచుతుంది కాబట్టి, మందంగా ఉంటే ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉండదు. కొనేటప్పుడు అడుగు మందం చూడండి. గుడ్డుకూ రొట్టెకూ దీన్ని వాడండి, చెక్క అట్లకాడ పెట్టుకోండి. దోసెల కోసం ఇనప పెనాన్ని అటకెక్కించకండి.