పచ్చికొమ్ము, ఎండుకొమ్ము

నా చిన్నతనమున మా అమ్మమ్మగారి వంటయింట, నీళ్ళగోలెము ప్రక్కను తడియిసుకతో సగము నింపిన మట్టికుండ యొకటియు, దానికి ఎగువనున్న అలమరలో బిగువైన మూతగల ఇత్తడి డబ్బా యొకటియు ఉండెడివి. కుండలోని యిసుకలో పూడ్చిపెట్టినది అల్లము; డబ్బాలో చెమ్మ తగులకుండ దాచినది శొంఠి. రెండును ఒక్క మొక్క కొమ్ములే యని నాకు చాలకాలమువరకు తెలియదు. అమ్మమ్మకు తెలియును, తెలిసియు ఆమె ఎన్నడును ఒకదానికి మారుగా రెండవదానిని వాడి యెరుగదు. పచ్చడికి, మజ్జిగకు, ఉప్మాకు కుండలో చేయి పెట్టెడిది. బాలింతకు, పడిసెమునకు, శ్రీరామనవమి పానకమునకు డబ్బా మూత తీసెడిది. ఆ విభాగమునందు ఎంతటి వివేకము ఇమిడియున్నదో, పెద్దవాడనై, అటు వైద్యగ్రంథములను ఇటు రసాయనశాస్త్రమును కొంత చూచిన పిమ్మటగాని నాకు బోధపడలేదు.

సంస్కృతమున పచ్చిదానికి ఆర్ద్రకమని పేరు, ఆర్ద్రమనగా తడిసినది. ఎండినది శుంఠి, ఆ పదము శోషణార్థకమైన ధాతువునుండి పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. హిందీలోని అదరక్, సోంఠ్ అనునవి ఈ రెండింటి తద్భవములే. తమిళులకు పచ్చిది ఇంజి, ఎండినది సుక్కు. మనకు అల్లము, శొంఠి. మామిడికాయ ఎండిన మామిడియొరుగు, మిరపకాయ ఎండిన ఎండుమిరపకాయ. కాని అల్లము ఎండినచో ఎండల్లము కాలేదు, వేరొక పేరు గల వేరొక ద్రవ్యమైనది. అంతే కాదు, వైద్యులు విశ్వభేషజమనియు, మహౌషధమనియు బిరుదములు కట్టబెట్టినది ముఖ్యముగా ఈ ఎండినదానికే. శొంఠి లేని కషాయము లేదని మనవారు సామెత చెప్పుటయు అందులకే.

అల్లమునకు సంస్కృతమున శృంగబేరమను మరియొక పేరు గలదు. శృంగమనగా కొమ్ము గనుక, కొమ్మువంటి ఆకారము గలదని పండితులు దానికి వ్యుత్పత్తి చెప్పిరి. అల్లపుకొమ్ము, పసుపుకొమ్ము, శొంఠికొమ్ము అని నిత్యము పలుకు తెలుగువారికి ఈ వ్యుత్పత్తి సహజముగానే తోచును. అయితే భాషాశాస్త్రజ్ఞులలో పెక్కురు దీని మూలము దక్షిణాదిదే యనియు, ఇంజి అను మాటకు వేరు అను మాట చేరి ఏర్పడిన ద్రావిడపదమే అట్లు సంస్కృతరూపము దాల్చినదనియు భావింతురు. అదియే గ్రీకుల నోట జింగిబెరిస్ అయి, రోమనుల నోట జింజిబెర్ అయి, తుదకు ఆంగ్లేయుల జింజర్ అయినది. మన కూరగాయల బజారులో ఈనాడును వినబడు ‘వేరు’ అను రెండక్షరముల మాట, మిరియపు మూటలతోబాటు ఓడలెక్కి సముద్రము దాటి రోమునగరము చేరినదని తలచుకొనినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ప్లినీ అను రోమక పండితుడు, అల్లము మిరియపుచెట్టు వేరు కాదని తన గ్రంథమున ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చినది. రెండును ఒకే రేవులనుండి వచ్చుటచే అక్కడి జనులు అట్లు భ్రమపడుచుండిరి కాబోలు.

నిజమునకు అది ఏ చెట్టు వేరును కాదు, అసలు వేరే కాదు. అల్లపుకొమ్మును చేతబట్టి పరికించినచో, చుట్టును వలయములవలె కణుపులును, వానిని అంటిపెట్టుకొని పొరలవంటి ఎండిన ఆకుతొడుగులును, కొసలయందు పసుపుపచ్చని మొటిమలును కానవచ్చును. కణుపులు, మొగ్గలు ఉండునది కాండమునకే గాని వేరునకు కాదు. ఇది నేలలో అడ్డముగా ప్రాకు కాండము. పసుపు, ఏలకులు దీని కుటుంబమువే. మామిడల్లము పేరునకు అల్లమే గాని జాతికి పసుపునకు తోబుట్టువు. 1807లో ఆంగ్లేయుడైన విలియం రాస్కో దీనికి నేటి శాస్త్రీయనామమును స్థిరపరచెను. ఈ మొక్క సాగులో గింజ కట్టదు. అడవిలో తనంత తాను పెరుగుచున్నట్లును ఎక్కడను రూఢిగా కనుగొనబడలేదు. కావున మనము తినుచున్న ప్రతి అల్లపుముక్కయు, వెనుకటి యేటి మరియొక ముక్కనుండి, అది అంతకు వెనుకటి దానినుండి, వేలయేండ్లుగా మనుష్యుని చేతిమీదుగా తెగక వచ్చిన ఒక్క జీవమే యనవలెను.

తెలుగునాట అల్లపుసాగునకు పేరొందినవి పాడేరు, అరకు ప్రాంతపు మన్యమును, జహీరాబాదు చుట్టుపట్ల ఎఱ్ఱనేలలును. మన్యమునకు ఆనుకొనియే యున్న ఒడిశాలోని పొట్టంగి పరిశోధనాక్షేత్రమున సుప్రభ, సురుచి మున్నగు రకములు రూపొందినవి. కోళిక్కోడులోని సుగంధద్రవ్య పరిశోధనాసంస్థ వరద, మహిమ, రజత రకములను ఇచ్చినది. తొలకరికి ముందు పడు జల్లులతో, ఎత్తుగా కట్టిన మళ్ళలో, మొగ్గ చెడని 20, 25 గ్రాముల ముక్కలను నాటి, పైన పచ్చియాకు దట్టముగా పరతురు. తడి కావలెను గాని నీరు నిలువరాదు. ఒక్క వారము నిలిచిన చాలును, దుంపకుళ్ళు తగిలి మడికి మడియే పసుపెక్కి వాలిపోవును. రైతు ఎనిమిది నెలల కష్టము నేలలో ఉండగనే చీమిడివలె కరగిపోవుట చూడవలసిన దుఃఖమే గాని చెప్పదగినది కాదు. పచ్చడికైనచో ఆరవ నెలనుండియే, నార ముదరకముందే, త్రవ్వవచ్చును. శొంఠికి మాత్రము ఎనిమిది నెలలు నిండవలెను.

శొంఠి చేయుటలో నాకు మిక్కిలి నచ్చినది తోలు తీయు పద్ధతి. కొమ్ములను నానవేసి, కోసగా చెక్కిన వెదురుబద్దతో పైపైని గీకుదురు, కత్తి ముట్టనీయరు. పరిమళతైలము గల కణములు తోలునకు వెన్నంటియే యుండును గనుక, కత్తితో లోతుగా చెక్కినచో వాసనంతయు చెక్కులతోనే పోవును. ఇంటిలో మనము అల్లమును చెంచా అంచుతో గీకుటయు ఇందులకు తగినదే. ఎండలో వారము, పది దినములు ఎండిన పిదప ఐదు కిలోల అల్లమునకు ఇంచుమించు ఒక కిలో శొంఠి తేలును. బజారులో మరీ తెల్లగా మెఱయు శొంఠి కనబడినచో, అది సున్నపునీట ముంచినదని గ్రహింపవలెను. తెలుపు దాని గుణము కాదు.

ఆ ఎండలో జరుగునది కేవలము నీరు పోవుట మాత్రమే కాదు. పచ్చి అల్లపు కారమునకు హేతువు జింజరాల్ అను పదార్థము. ఎండునప్పుడు దాని అణువునుండియే ఒక నీటి అణువు తొలగి, అంతకంటె ఘాటైన షోగాల్ అను మరియొక పదార్థము ఏర్పడును. జపానుభాషలో అల్లమును షోగా అందురు; అందుచేతనే ఆ పేరు. వండినప్పుడు జింజరాల్ కొంత మారి, ఘాటు తగ్గి తీపి వాసన గల జింజరోన్ అగును. ఈ జింజరోనును 1917లో నిరూపించినవాడు జపానుదేశీయుడైన హిరోషి నొమురా. అనగా పచ్చిది వేరు, ఎండినది వేరు అని మా అమ్మమ్మ పాటించిన విభాగము ఆచారము మాత్రమే కాదు, ద్రవ్యస్వభావము.

ఆయుర్వేదమున మిరియాలు, పిప్పళ్ళతో శొంఠి చేరి త్రికటుకమైనది. కారపు రుచి గలదయ్యు శొంఠికి విపాకము, అనగా జీర్ణమైన పిదప తేలు రసము, మధురమని చరకము చెప్పును. పురుడు పోసుకొన్న ఇల్లాలికి తొలిముద్దలో నేయితో శొంఠిపొడి కలిపి పెట్టుట మన యిండ్ల మర్యాద. తలనొప్పి వచ్చినవారికి, సానమీద నాలుగు చుక్కల నీరు చిలకరించి శొంఠికొమ్మును అరగదీసి, ఆ బూడిదవన్నె గంధమును నుదుట పట్టు వేయుదురు. మొదట చల్లగా, క్షణము గడచునప్పటికి సన్నని మంటగా, ఆపైన వెచ్చగా నుండు ఆ పట్టు నేటికిని నా నుదుటికి గుర్తే. అయితే భావప్రకాశకారుడు గ్రీష్మమునను, శరత్తునను, రక్తపిత్తము, పుండ్లు గలవారికిని పచ్చి అల్లము హితము కాదని హెచ్చరించెను. అల్లము మంచిదను మాట పట్టుకొని మండువేసవిలో పరగడుపున దోసిళ్ళకొలది రసము త్రాగువారు ఈ హెచ్చరికను తప్పక వినవలెను.

పాడేరు ఘాటీ బస్సులో వాంతి రాకుండ శొంఠిముక్క బుగ్గన పెట్టుకొనువారిని నేనెరుగుదును. 1982లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్షయందు, తిరుగుకుర్చీలో కూర్చుండబెట్టిన 36 మంది విద్యార్థులలో, శొంఠిపొడి తీసికొన్నవారే వాడుకలోనున్న మాత్ర తీసికొన్నవారికంటె ఎక్కువసేపు ఓర్చుకొనిరి. 1988లో డెన్మార్కు నౌకాదళపు శిక్షణార్థులు 80 మందిపై చేసిన పరీక్షలో 1 గ్రాము పొడి వాంతులను తగ్గించినది. తరువాతి పరీక్షలన్నియు దీనిని ఏకముగా సమర్థింపలేదు. ప్రయాణపు వికారముకంటె వేవిళ్ళ వికారమునందే దానికి బలమైన సాక్ష్యము లభించినది. రక్తము పలుచబరచు మందులు వాడువారు, పిత్తాశయమున రాళ్ళు గలవారు వైద్యుని అడిగి గాని ఎక్కువ మోతాదు ముట్టరాదు.

వంటయింటికి వత్తును. పెసరట్టు ప్రక్కనుండు అల్లపుపచ్చడిలో చింతపండు, బెల్లము, ఎండుమిరప ఎంత కుదిరినను, అల్లమును నూనెలో వేయించుటలోనే దాని ప్రాణమున్నది: పచ్చివాసన పోవలెను, అంచు మాడరాదు. పచ్చి అల్లమునందు మాంసకృత్తులను విడగొట్టు కిణ్వమొకటి గలదు. అల్లము, వెల్లుల్లి నూరి పట్టించిన మాంసము మెత్తబడుట దానివలననే. టీలో పాలు విరుగుటయు దానివలననే. కావున అల్లమును ముందుగా నీటిలో తెర్లించి, ఆ పిమ్మట పాలు పోయవలెను. మరిగినచో కిణ్వము చచ్చును.

ఏటేట వానలకు ముందు కుండలోని యిసుకను చీల్చుకొని ఒకటి రెండు మోసులు తలయెత్తెడివి. అమ్మమ్మ వానిని వంటకు వాడక, నూతిదగ్గర నీరు పారి పోవు గట్టున నాటెడిది. సంక్రాంతినాటికి ఆకులు పండి ఎండగా, గునపముతో మెల్లగా పెల్లగించిన మట్టిలో చేతివ్రేళ్ళవలె క్రొత్తకొమ్ములు విచ్చుకొని యుండెడివి. వాని నడుమ, నాటిన పాతముక్క, నార తేలి, నల్లబడి, అట్లే మిగిలి యుండెడిది. అమ్మమ్మ రెండింటిని కడిగి వేరుచేసి, క్రొత్తవానిని కుండలో పూడ్చి, పాతదానిని డబ్బాకొరకు చేటలో ఎండబెట్టెడిది.