పాత ట్రక్కు ఇంజనులో వాల్వులను సరిచేయుట

పాత మోటారు బండి టకటకమని చప్పుడు చేయుచు వచ్చినపుడు, ‘దీనికి ట్యాపెట్లు సెట్టింగు చేయవలెను’ అని మెకానిక్కులు చెప్పుదురు. ఈ సెట్టింగు అనగా నేమో విద్యార్థులు తెలిసికొనదగినది. ఉదాహరణముగా, అమెరికాలో 1947 మొదలు తయారైన షెవ్రొలే 3100 పికప్ ట్రక్కును తీసికొందము. 1953 వరకు దానికి 216 ఘనపుటంగుళముల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది.

ప్రతి సిలిండరునకును రెండు వాల్వులు గలవు. ఇన్‌టేక్ వాల్వు పెట్రోలు కలసిన గాలిని లోనికి రానిచ్చును. ఎగ్జాస్ట్ వాల్వు కాలిన వాయువును వెలికి పంపును. ఇంజను అడుగున తిరుగు క్యామ్ షాఫ్టు ట్యాపెట్టును పైకెత్తును. ట్యాపెట్టు పుష్‌రాడ్డు అను కమ్మీని నెట్టును. ఆ కమ్మీ రాకరు యొక్క ఒక కొనను లేపును. ఏతపు మ్రాను వలె రాకరు రెండవ కొన క్రిందికి వంగి వాల్వును తెరచును. పిమ్మట స్ప్రింగు దానిని మరల మూయును.

లోహములు వేడికి వ్యాకోచించునని మీరు పాఠములో చదివితిరి కదా! ఆ పాఠమే ఇక్కడ పనిచేయుచున్నది. వాల్వు కాడ వేడెక్కి పొడవగును. అందులకై రాకరు కొనకును, వాల్వు కాడకును నడుమ కొంచెము సందు ఉంచవలెను. ఈ ఇంజను వేడిగా నున్నపుడు ఇన్‌టేక్ వాల్వునకు అంగుళములో వేయింట 6 వంతులు (0.15 మిల్లీమీటరు), ఎగ్జాస్ట్ వాల్వునకు వేయింట 13 వంతులు (0.33 మిల్లీమీటరు) ఉండవలెను. మండిన వాయువు తాకుటచే ఎగ్జాస్ట్ వాల్వు మిక్కిలి కాగును గనుక దానికి సందు హెచ్చు.

సందు ఎక్కువైన చప్పుడు పుట్టును. వాల్వు చాలినంత తెరచుకొనక బలము తగ్గును. సందు లేకున్న చప్పుడే యుండదు. కాని కీడు అందే గలదు. వాల్వు తన పీఠముపై గట్టిగా కూర్చుండదు. మూసికొన్నపుడు పీఠమునకు అందవలసిన వేడి అందక, సందులలోనుండి మండుచున్న వాయువు చొచ్చి, వాల్వు అంచు కాలిపోవును. చప్పుడు చేయు వాల్వు మొఱపెట్టుకొనును. బిగిసిన వాల్వు మౌనముగా కాలిపోవును. కాబట్టి చప్పుడు ఆగిన చాలునని స్క్రూను బిగించుట తప్పు.

ఇంజనును బాగుగా వేడెక్కునంతవరకు నడపి ఆపుడు. గాలి ఆడని కొట్టములో నడపరాదు. పొగలోని విషవాయువు ప్రాణాపాయకరము. చేతిబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచి, పైమూత విప్పుడు. ఇంజను కాలుచుండును, జాగ్రత్త. చేతితో త్రిప్పుచు, మొదటి సిలిండరులోని పిస్టను పైకి వచ్చి, దాని రెండు రాకర్లును వదులుగా నుండునట్లు నిలుపుడు. రేడియేటరు ప్రక్కనున్నది మొదటి సిలిండరు. అప్పుడు 1, 2, 4 సిలిండర్ల ఇన్‌టేక్ వాల్వులను, 1, 3, 5 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులను చూడవచ్చును. ఇంజనును సరిగా ఒక చుట్టు త్రిప్పి, తక్కిన ఆరింటిని చూడవలెను.

ఫీలరు గేజి యను పలుచని ఉక్కు రేకును సందులో దూర్చుడు. లాకునట్టును స్పానరుతో వదలించి, స్క్రూడ్రైవరుతో స్క్రూను త్రిప్పుడు. రేకు లాగునపుడు కొంచెము పట్టినట్లు తోచవలెను. స్క్రూ కదలకుండ పట్టుకొని నట్టు బిగించి, మరల కొలువుడు. బిగించునపుడు సందు మారుట కలదు. ఇతర ఇంజనుల కొలతలు వేరు. ఆ బండి పుస్తకమును చూడక చేయరాదు.

తెలుగున చదివిన పిల్లలకు యంత్రవిద్య అబ్బునా యని కొందరు తల్లిదండ్రులు సందేహింతురు. వాల్వు ఏ భాషలోను మాటలాడదు. రేకు పట్టిన వ్రేలికి పట్టు తెలియవలెను; ఆ పట్టు ఎందుకో బుద్ధికి తెలియవలెను. ఆ రెండవది మన తరగతిగదిలో మన భాషలోనే నేర్పుచున్నాము. శ్రద్ధ యుండిన చాలును.