నేలపట్టు పక్షులు – మన విహారయాత్రలు

క్రిస్మస్ సెలవులు దగ్గరపడగానే ప్రతి ఇంట్లోనూ ఒకే మాట వినబడుతుంది: "ఈసారి పిల్లలను ఎక్కడికి తీసుకువెళదాం?" సండేస్కూలు ఉపాధ్యాయులు, సంఘ యౌవనస్థులు కూడా ఇదే ఆలోచిస్తుంటారు. పెద్ద ఖర్చు లేకుండా పిల్లలు, పెద్దలు కలిసి ఒక దినం సంతోషంగా గడపదగిన స్థలం నేలపట్టు. అయితే అక్కడికి బయలుదేరేముందు తెలిసికోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఎక్కడ ఉంది? ఏమి చూడగలం?

నేలపట్టు దొరవారిసత్రం మండలంలోని చిన్న గ్రామం. సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్లు. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి చెరువును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలిచి ఉంటాయి. వానలు కురిసి చెరువు నిండగానే, అక్టోబరు మొదలు గూడబాతులు ఆ చెట్లమీద గూళ్లు కట్టుకుంటాయి. మార్చి వరకు చెరువంతా సందడే.

గూడబాతు ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. తల్లి, తండ్రి వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి. సుమారు 30 దినాలకు పిల్లలు బయటికి వస్తాయి. చేపల కొరకు ఈ పక్షులు పులికాట్ సరస్సు వరకు ఎగిరి వెళతాయి. తిరిగి వచ్చినప్పుడు పిల్లలు పెద్దపక్షి సంచిలోకి తల దూర్చి మేత అందుకుంటాయి. మన పిల్లలు ఈ దృశ్యం చూడాలి.

ఈ గూడబాతులు సైబీరియా నుండి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. నీరు, మేత ఉన్నచోటికి మారుతూ ఉంటాయి. వీటితోపాటు తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు కూడా కనబడతాయి. నత్తగుల్ల కొంగ వరిపొలాల్లోని నత్తలను తింటుంది గనుక అది రైతుకు స్నేహితుడే.

ఒకసారి వెళ్లిపోతే...

1946లో కె. కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల గూళ్లను గుర్తించాడు. ఒక్క తరం గడిచేసరికి, 1970లలో, కొల్లేటి గూళ్లు ఖాళీ అయిపోయాయి. తర్వాత చాలాకాలానికి కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మళ్లీ చేరాయి. చెట్లు చాలక అక్కడ ఇనుప స్టాండ్లు నిలబెట్టవలసి వచ్చింది. పోగొట్టుకోవడం సులభం, తిరిగి తెచ్చుకోవడం కష్టం.

పక్షిని కొట్టకపోయినా దానికి కీడు చేయవచ్చు. మనం కేకలు వేస్తే, రాయి విసిరితే, పెద్దపక్షులు గూడు విడిచి లేస్తాయి. ఆ కొద్ది నిమిషాల్లోనే కాకులు, గద్దలు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు. గుంపు గుంపంతా మాటిమాటికి బెదిరితే ఆ చోటే విడిచిపెడుతుంది. మనం వెళ్లే సెలవుల కాలమే అవి గుడ్లు పొదిగే కాలమని మరచిపోకూడదు.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

* ఉదయం ఎండ ముదరకముందే చేరండి. సాయంకాలం కూడా మంచిదే.
* మైకులు, పాటల పెట్టెలు, టపాకాయలు వద్దు. ఆటపాటలు చెరువుకు దూరంగా పెట్టుకోండి.
* గట్టు దిగకండి. పరిశీలన గోపురం ఎక్కి చూడండి. బైనాక్యులర్ ఒక్కటి ఉన్నా పిల్లలందరూ వంతులవారీగా చూడవచ్చు.
* భోజనం విస్తరాకుల్లో పెట్టండి. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా విడిచి రాకండి.
* ఏ పక్షి ఏమి చేస్తుందో పిల్లలచేత నోటుపుస్తకంలో వ్రాయించండి. ఇంటికి వచ్చాక చదివించండి.

సమయముంటే తిరుగు ప్రయాణంలో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీదికి వెళ్లండి. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. శీతకాలంలో గులాబి రంగు ఫ్లెమింగోలు తల కిందులుగా వంచి నీటిని వడగట్టి మేయడం అక్కడ చూడవచ్చు.

మన ఊరి చెరువు సంగతి

అంత దూరం పోలేనివారు బాధపడనక్కరలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం మామూలు పల్లెలే. అక్కడ ఊరిలోకే పక్షులు వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. గూడు కట్టుకోను చెట్టు లేకపోతే పక్షి ఎక్కడికి పోతుంది? మన చెరువుగట్టున ఒక తుమ్మచెట్టును నరకకుండా ఉంచినా అది మేలే.

తమిళనాట వేడంతాంగల్ రైతులు 1798లోనే తమ చెరువు పక్షులను ఎవరూ కాల్చకుండా కలెక్టరు దగ్గర పత్రం వ్రాయించుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలాలకు బలమని వారికి తెలుసు. వారి ముందుచూపు వలన నేటికీ అక్కడ పక్షులు దిగుతున్నాయి.

కాబట్టి ఈ సెలవుల్లో పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. చూడడం నేర్పండి, దూరంగా ఉండడం కూడా నేర్పండి. రేపు వారు తమ పిల్లలను తీసుకువెళ్లేనాటికి కూడా ఆ కడప చెట్లమీద గూళ్లు ఉండాలి.