టాబ్లెట్లలో లినక్స్: ఫర్మ్‌వేర్ పట్టికల్లోని తప్పులను సరిదిద్దుకోవడం

మీరు పాత ఇంటెల్ టాబ్లెట్ ఒకటి కొని లినక్స్ వేశారనుకోండి. బూట్ అయింది, వైఫై కూడా వచ్చింది. కానీ స్క్రీన్‌ను తాకితే స్పందన లేదు. విండోస్‌లో అదే స్క్రీన్ చక్కగా పనిచేసింది కాబట్టి హార్డ్‌వేర్ చెడిపోలేదు. మరి లోపం ఎక్కడుంది?

యూఎస్‌బీ పరికరాలు కర్నల్ అడిగితే తామేమిటో చెబుతాయి. టాబ్లెట్‌లోని టచ్ చిప్, యాక్సిలరోమీటర్ సాధారణంగా ఐ2సీ బస్ మీద ఉంటాయి. అక్కడ అలా అడిగి తెలుసుకునే ఏర్పాటు లేదు. ఏ చిప్ ఏ చిరునామాలో ఉందో, దాని ఇంటరప్ట్ ఏ పిన్‌కు వస్తుందో ఫర్మ్‌వేరే చెప్పాలి. ఆ వివరాలు ఏసీపీఐ పట్టికల్లో ఉంటాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా 1996లో విడుదల చేసిన ప్రమాణం ఇది. వీటిలో ముఖ్యమైనది డీఎస్‌డీటీ. పేరుకు పట్టికే అయినా, ఇందులో కర్నల్ నడిపే ఏఎంఎల్ అనే బైట్‌కోడ్ ఉంటుంది.

2013లో వచ్చిన బే ట్రెయిల్ తరం టాబ్లెట్లను చూడండి. సిలీడ్ టచ్ చిప్ ఉన్నవాటిలో స్క్రీన్ కొలతలు, అక్షాల దిశ డీఎస్‌డీటీలో ఉండవు. ఆండ్రాయిడ్‌తో అమ్మిన కొన్నింటి పరిస్థితి ఇంకా అధ్వానం: తయారీదారు పరికరాల వివరాలను తన కర్నల్‌లోనే రాసుకుని, పట్టికను తప్పులతోనే వదిలేశాడు.

సవరణ ఎప్పుడూ పైస్థాయి నుంచి మొదలుపెట్టండి. టాబ్లెట్ తిప్పినప్పుడు చిత్రం తప్పు వైపు తిరుగుతుంటే, యూడెవ్ హార్డ్‌వేర్ డేటాబేస్‌లో యాక్సిలరోమీటర్ మాత్రిక ఒక్క పంక్తి చేరిస్తే సరిపోతుంది. టచ్ కోసమైతే కర్నల్‌లోనే మోడళ్ల జాబితా ఉంది. డీఎంఐలోని తయారీదారు పేరు, మోడల్ పేరు సరిపోలితే పట్టికలో లేని వివరాలను కర్నల్ తానే చేరుస్తుంది. ఇక్కడో చిక్కు. చవక టాబ్లెట్లలో పేరు ఉండాల్సిన చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనే నమూనా వాక్యమే మిగిలిపోతుంటుంది! అప్పుడు బయోస్ తేదీని కూడా పోల్చి గుర్తుపట్టాల్సి వస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతేనే పట్టిక జోలికి వెళ్లండి. డీఎస్‌డీటీని ఫైల్‌గా తీసుకుని, ఐఏఎస్ఎల్ సాధనంతో చదవగలిగే రూపంలోకి మార్చి, తప్పు దిద్ది, ఓఈఎం రివిజన్ సంఖ్యను పెంచి తిరిగి కంపైల్ చేయాలి. సంఖ్య పెంచకపోతే కర్నల్ కొత్త పట్టికను స్వీకరించదు. దాన్ని కుదించని సీపీఐఓ ఆర్కైవ్‌గా ఇనిట్ఆర్‌డీ ముందు చేర్చాలి. సెక్యూర్ బూట్ వల్ల కర్నల్ లాక్‌డౌన్ అమల్లో ఉంటే ఇది పనిచేయదు. ఫర్మ్‌వేర్ చిప్‌లో ఏదీ మారదు; ఆ ఆర్కైవ్ తీసేస్తే పాత స్థితి వస్తుంది.

అలాగని అదే మోడల్ కదా అని మరొకరి డీఎస్‌డీటీని తెచ్చి వాడకండి. ఫర్మ్‌వేర్ తన సమాచారాన్ని ఉంచే మెమరీ చిరునామాలు కొన్ని ఆ పట్టికలోనే రాసి ఉంటాయి. బయోస్ వెర్షన్ మారితే అవి మారవచ్చు. అప్పుడు పట్టికలోని కోడ్ సంబంధం లేని మెమరీలో రాస్తుంది. బ్యాటరీ, చార్జింగ్‌కు చెందిన విలువలను అసలే ముట్టుకోవద్దు. పరికరాన్ని కొత్తగా చేర్చడమే మీ అవసరమైతే మొత్తం డీఎస్‌డీటీ మార్చనక్కర్లేదు. ఆ ఒక్క పరికరాన్ని వర్ణించే చిన్న ఎస్ఎస్‌డీటీ రాసి అదే పద్ధతిలో చేర్చవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: బయోస్ అప్‌డేట్ చేసే ముందు, మీరు మార్చిన డీఎస్‌డీటీని ఇనిట్ఆర్‌డీ నుంచి ఎందుకు తొలగించాలి?