కొత్త ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామ్ పాత కంప్యూటర్‌లో ఎందుకు ఆగిపోతుంది?

మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి తన కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు ప్రోగ్రామ్ తయారు చేసిందనుకుందాం. బాగా నడిచింది. అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పుంగనూరులో ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టింది. రెండింట్లోనూ లినక్సే. అయినా ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చూపించి ఆగిపోయింది. ఇంట్లోవాళ్లు కంప్యూటర్ పాడైందనీ, అప్పు చేసైనా కొత్తది కొనాలనీ అనుకుంటారు. తొందరపడకండి. కంప్యూటర్ బాగానే ఉంది. ఈ ప్రోగ్రామ్ దాని కొలతకు కుట్టింది కాదు, అంతే.

అసలు ఏం జరిగింది?

మనం రాసిన ప్రోగ్రామ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. పండక్కి బట్టలు రెండు రకాలుగా తీసుకుంటాం కదా. రెడీమేడ్ కుర్తా చాలామందికి సరిపోతుంది. టైలర్ దగ్గర కొలతిచ్చి కుట్టించింది ఒక్కరికే చక్కగా కుదురుతుంది. కంపైలర్‌లోనూ అంతే. ‘జెనరిక్’ సెట్టింగ్ రెడీమేడ్ లాంటిది. జీసీసీ కంపైలర్‌లో ‘ఎం-ఆర్చ్ = నేటివ్’ అంటే తయారుచేసే కంప్యూటర్ కొలతకే కుట్టడం. అప్పుడు ఆ ప్రాసెసర్‌లోని కొత్త ఆదేశాలన్నీ వాడేస్తుంది.

ఉదాహరణకు ఏవీఎక్స్2 అనే ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2013లో వచ్చాయి. అంతకు ముందువాటిలో అవి లేవు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు చౌకరకం సెలెరాన్, పెంటియమ్‌లలో ఇవ్వలేదు. అందుకే కొన్న సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదు. ‘ఇల్లీగల్’ అన్నది చూసి భయపడొద్దు. ‘ఈ ఆదేశం నాకు తెలియదు’ అని ప్రాసెసర్ చెప్పడమే అది.

లాభం ఎంత?

వీడియో, ఫోటోల పని, పెద్ద పెద్ద లెక్కలు ఉంటే నేటివ్‌తో వేగం బాగా పెరగొచ్చు. మార్కుల పట్టిక, కొట్టు లెక్కల్లాంటి వాటికి తేడా కనిపించకపోవచ్చు. ‘ఓ2’ అనే మామూలు సెట్టింగ్‌తోనే చాలా వేగం వచ్చేస్తుంది.

పెద్ద సంస్థలకూ ఈ తకరారు ఉంది. 2020లో ఈ ప్రాసెసర్లను నాలుగు మెట్లుగా విభజించారు. రెడ్ హ్యాట్ లినక్స్ 9వ వెర్షన్ 2022లో రెండో మెట్టును, 10వ వెర్షన్ 2025లో మూడో మెట్టును తప్పనిసరి చేశాయి. ఏవీఎక్స్2 ఉండేది ఈ మూడో మెట్టులోనే.

పిల్లలు ఏం చేయాలి?

* ప్రోగ్రామ్ ఒక్క కంప్యూటర్‌లోనే నడిచేదైతే నేటివ్ వాడొచ్చు.
* కుప్పంలో స్నేహితుడికో, కాలేజీ ల్యాబ్‌కో ఇచ్చేదైతే జెనరిక్ పెట్టాలి.
* ‘ఎం-ట్యూన్’ ఒక్కటే మారిస్తే ఈ చిక్కు రాదు. అది కొత్త ఆదేశాలు చేర్చదు, ఉన్నవాటినే ఆ ప్రాసెసర్‌కు అనువుగా సర్దుతుంది.
* లినక్స్‌లో ‘ఎల్ఎస్‌సీపీయూ’ అని కొడితే ఆ ప్రాసెసర్‌కు ఏ ఆదేశాలు తెలుసో కనిపిస్తుంది.
* తయారైన ఫైలుతో పాటు సోర్స్ కోడ్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. ఆగిపోతే అక్కడే మళ్లీ కంపైల్ చేసుకోవచ్చు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పాత కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ నడవలేదని వేలు పోసి కొత్తది కొనకండి. ముందు పిల్లల్ని అడగండి: ‘ఇది ఎవరి కొలతకు కుట్టావు?’