అయ్యగారికీ విశ్రాంతి కావాలి

“పాదిరీగారికేం, ఆదివారం ఒక్కరోజేగా పని!” అంటారు చాలామంది. పాదిరీ ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మాట వింటే నాకు నవ్వొస్తుంది. తెల్లారకుండానే జ్వరం వచ్చిన బిడ్డకు ప్రార్థన, మధ్యాహ్నం సమాధి, సాయంత్రం పెళ్ళిమాటలు, రాత్రి సంఘపెద్దల తగాదా! ఊరందరికోసం ప్రార్థించే మా నాన్నగారికి, తనకోసం మోకరించే తీరిక మాత్రం ఉండేది కాదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. మోషే పొద్దస్తమానం ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే, మామగారు యిత్రో మందలించాడు. వెయ్యిమందికీ, నూరుమందికీ, యాభైమందికీ, చివరికి పదిమందికీ ఒక్కొక్క అధిపతిని పెట్టుకోమన్నాడు. ఏలీయా ఎడారిలో బదరీ చెట్టుకింద చావు కోరుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టే, నీళ్ళూ ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు!

1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఉచిత వైద్యశాలల్లో సేవచేసేవారు ఇలా సొమ్మసిల్లిపోవడం గురించి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇది రోగం కాదు, పనివల్ల వచ్చే స్థితి అని తేల్చింది. ఒళ్ళు అలిస్తే నిద్ర చాలు. మనసు అలిస్తే చేసే పనిమీదే విసుగు పుడుతుంది. బోధకుడికి ఇది మరీ ప్రమాదం. పెదవులు ప్రార్థిస్తూనే ఉంటాయి, లోపల తడి ఆరిపోతుంది.

మరి దారేమిటి? వారంలో ఒకరోజు సెలవు. అది ఆదివారం కాకూడదు. ప్రసంగంకోసం కాక తనకోసం కాసేపు బైబిలు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఇంకో ఊరి బోధకుడు. రోగుల పరామర్శలో పాలు పంచుకొనే సంఘపెద్దలు.

ఈసారి మీ అయ్యగారిని ప్రార్థించమని అడిగేముందు, “భోంచేశారా అండీ?” అని అడిగి చూడండి.