పారాథైరాయిడ్ క్యాన్సరు - అతిధ్వని పరీక్ష

మెడలో అవటు గ్రంథి వెనుక, దాని నంటుకొని, కందిబద్దంతటి గ్రంథులు సాధారణముగ నాలుగు ఉండును. ఇవే పారాథైరాయిడ్ గ్రంథులు. మానవునిలో వీనిని 1880లో స్వీడన్ దేశస్థుడగు ఐవార్ సాండ్‌స్ట్రోమ్ వర్ణించెను. రక్తములో కాల్షియం తగ్గినపుడు ఇవి స్రవించు హార్మోను, ఎముకలనుండి కాల్షియమును రక్తములోనికి రప్పించును. ఈ స్రావము అదుపు తప్పినచో ఎముకలు గుల్లబారును. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడును.

అదుపు తప్పుటకు చాలవరకు కారణము అడెనోమా, అనగా క్యాన్సరు కాని కంతి. ఇట్టి రోగులలో క్యాన్సరు గలవారు నూటికి ఒకరికంటె తక్కువ. అరుదు గనుకనే చిక్కు. రెండింటి లక్షణములు చాలవరకు ఒకటే. రెండింటిలోను రక్తములో కాల్షియం హెచ్చును. డెసిలీటరుకు సుమారు 8.5 నుండి 10.5 మి.గ్రా. ఉండవలసినది 14 దాటినచో వైద్యుడు క్యాన్సరును శంకించును గాని, అంతమాత్రమున నిశ్చయింపజాలడు.

అపుడు మెడలోనికి ధ్వనిని పంపి చూతురు. మన చెవి సెకండుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. ఈ పరీక్షలో వాడు ధ్వని సెకండుకు సుమారు కోటి కంపనములు చేయును. మెత్తని కణజాలములో ధ్వనివేగము సెకండుకు 1,540 మీటర్లు. వేగమును కంపనముల సంఖ్యతో భాగించినచో తరంగదైర్ఘ్యము 0.154 మి.మీ. వచ్చును. తరంగము ఇంత పొట్టిది గనుకనే చిన్న కంతుల అంచులు సైతము తెలియును. కాని కంపనములు హెచ్చినకొలది ధ్వని లోతునకు పోకమునుపే క్షీణించును. ఈ గ్రంథులు చర్మమునకు కొద్ది సెంటీమీటర్ల లోపలనే యుండుట వైద్యునకు కలిసివచ్చిన సంగతి. ఒక కణజాలమునుండి వేరొకదానిలోనికి పోవునపుడు ధ్వని కొంత వెనుకకు మరలును. అది తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి యంత్రము దూరమును లెక్కకట్టి బొమ్మ గీయును.

ఆరోగ్యముగనున్న గ్రంథి తరచు ఆ బొమ్మలో కనబడదు. అడెనోమాలో కణములు ఒకే తీరుగ క్రిక్కిరిసి యుండును గనుక ప్రతిధ్వనులు తక్కువ. అది నల్లగ, నున్నని అంచులతో, కోడిగ్రుడ్డు ఆకారమున కనబడును. క్యాన్సరు కంతి తరచు 3 సెం.మీ. మించి, అంచులు ఎగుడుదిగుడుగ, లోపలి ఛాయ సమముగ లేక కనబడును. అడ్డుకొలతకంటె లోతుకొలత హెచ్చుగ నుండుట మరియొక సూచన. ప్రక్కనున్న అవటు గ్రంథిలోనికి చొచ్చుకొనిపోయినచో అనుమానము బలపడును. అయితే శ్వాసనాళములోని గాలిని, రొమ్ము ఎముకను దాటి ఈ ధ్వని చూపలేదు. వాని వెనుక దాగిన కంతి దీనికి చిక్కదు.

సూదితో కొంచెము కణజాలము తీసి చూడరాదా యని విద్యార్థి అడుగవచ్చును. క్యాన్సరను అనుమానమున్నపుడు అది కూడదు. విడికణములను చూచి ఈ రెండింటిని వేరుపరచుట కష్టము. పైగా సూది పోయిన దారివెంట క్యాన్సరు కణములు నాటుకొను ప్రమాదము కలదు. కంతి రక్తనాళములలోనికి గాని, చుట్టుపక్కల కణజాలములోనికి గాని చొరబడినదా యని శస్త్రచికిత్స పిదప సూక్ష్మదర్శినితో చూచిన తరువాతనే తుదినిర్ణయము.

మరి నిశ్చయముగ చెప్పలేని బొమ్మవలన ప్రయోజనమేమి? అడెనోమా అయినచో కంతివరకు తీసిన చాలును. క్యాన్సరైనచో పైపొర చిట్లకుండ, అవసరమైన ఆ వైపు అవటు గ్రంథి భాగముతో సహా, ఒకే ముద్దగ తీయవలెను. పొర చిట్లినచో కణములు మెడలో చెదరి వ్యాధి మరల తలయెత్తవచ్చును. పూర్తిగ నయమగు అవకాశము మొదటి శస్త్రచికిత్సలోనే హెచ్చు గనుక, ఆ అనుమానము కత్తి పట్టుటకు ముందే కలుగవలెను.